సవరణ: వేయించిన జీడిపప్పు గురించి

పలాస జీడిపప్పు మీద మొన్న పెట్టిన పోస్టులో "వేయించి తింటే దద్దుర్లు రావు" అని రాశాను. అది తప్పు. రెండు వేర్వేరు సంగతులు కలిపేశాను.

జీడిపిక్క పెంకులో ఘాటైన జిగట నూనె ఉంటుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు నల్లబడి తోలు ఊడేది దానివల్లే (మామిడి సొన కూడా దీని చుట్టమే). ఆ నూనె అంటిన పచ్చిపప్పు తింటే ఒకటి రెండు రోజులకు చంకల్లో, గజ్జల్లో ఎర్రగా దురద పొక్కులు లేవొచ్చు. వేయించి తింటే రావని నేను చెప్పాలనుకున్నది ఈ పొక్కుల గురించే.

పప్పులోని ప్రొటీనే పడనివాళ్లకు వేయించినా, పాయసంలో వేసినా ఒకటే. తిన్న కొద్ది నిమిషాల్లోనే దద్దుర్లు, పెదాల వాపు రావొచ్చు. ఊపిరి ఆడకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను, మన్నించండి.