రీబోర్ చేయించిన ఇంజిన్‌కు చిక్కటి ఆయిల్ అక్కర్లేదు

రీబోర్ చేయించిన (అరిగిన సిలిండర్లను కాస్త వెడల్పుగా తొలిపించిన) పాత అంబాసిడర్ పెట్రోలు ఇంజిన్‌కు 20డబ్ల్యూ50 అనే చిక్కటి గ్రేడు కంటే పల్చటి ఆయిల్ పోయకూడదని వ్యాసంలో రాశారు. ఇంత గట్టిగా చెప్పడం సరికాదండీ. చిక్కటి ఆయిల్‌తో నెట్టుకొచ్చేది అరిగిపోయిన ఇంజిన్‌ని. ఓవర్‌సైజు పిస్టన్లు, కొత్త రింగులు వేసి, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్ చేయించి, దానికి తగ్గ బేరింగులు పెట్టాక భాగాల మధ్య సందులు మళ్లీ కంపెనీ కొలతకే వస్తాయి కదా! అప్పుడు మాన్యువల్‌లో ఉన్న గ్రేడే పోయాలి. లేత్ వాళ్లు బేరింగు క్లియరెన్స్ (సందు) ఎక్కువ ఉంచితే మాత్రం లెక్క మారుతుంది, అందుకే ఆ కొలత అడిగి రాయించుకోండి.

గ్రేడు కంటే ముఖ్యమైన మాట వ్యాసంలో లేదు. రీబోర్ అయ్యాక మొదటిసారి ముడి చమురు నుంచి తీసిన మామూలు మినరల్ ఆయిలే పోయాలి, రింగులు సిలిండర్ గోడకు బాగా కుదురుకుంటాయి. సింథటిక్ తర్వాత చూసుకోవచ్చు. పైగా ఈ ఇంజిన్‌లో క్యామ్ (వాల్వులు తెరిపించే ఇరుసు) టాపెట్ల (వాల్వులను నెట్టే ముక్కల) మీద రాసుకుంటూ తిరుగుతుంది, కాబట్టి అరుగుదల తగ్గించే జింకు తగినంత ఉన్న ఆయిల్ కావాలి.

500 నుంచి 1000 కిలోమీటర్ల లోపు ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చేయండి. దించిన ఆయిల్‌ని తెల్లటి గుడ్డలో వడకట్టి ఎండలో చూడండి. సన్నటి బూడిదరంగు పొడి ఉంటే భయం లేదు. రాగిరంగు రేకులు మెరిస్తే మాత్రం బండి ఆపి బేరింగులు చూపించండి.