మూడో విజిల్

మా కుక్క పేరు చిట్టి. తప్పు అక్కడే మొదలైందని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు, పేరు పెట్టిన మా ఆవిడ తప్ప.

మేముండేది ఇంగ్లండ్ తూర్పు అంచున, నార్ఫోక్‌లో. ఎటు చూసినా గోధుమ, బీట్‌దుంప చేలు, చేల మధ్య ముళ్ళకంచెలు, కంచెల కింద ఫెజెంట్లు. నెమలికీ కోడికీ కూడా చుట్టమైన ఈ పక్షిని ఇక్కడివాళ్ళు అక్టోబరు 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా వేటాడతారు. ఆదివారాలు, క్రిస్మస్ రోజు సెలవు. ఆ సెలవులు పక్షులకు తెలుసో లేదో గానీ శనివారం కనబడనివి ఆదివారం రోడ్డుకు అడ్డంగా నడుస్తుంటాయి. కాల్చేది మనిషి. కాల్చింది ఏ పొదలో పడిందో వెతికి, నోట కరుచుకుని, చెక్కుచెదరకుండా తెచ్చి చేతికిచ్చేది కుక్క. ఆ కొలువు చేసే కుక్కలను గన్‌డాగ్స్ అంటారు. లాబ్రడార్లను తీర్చిదిద్దిందే ఆ కొలువు కోసం. హైదరాబాదు అపార్టుమెంట్లలో సోఫాల మీద వెల్లకిలా పడుకునే లాబ్రడార్లకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక్కడి వేట పిచ్చి ఎంతటిదంటే, ఇదే నార్ఫోక్‌లోని శాండ్రింగ్‌హామ్ ఎస్టేటులో ఏడో ఎడ్వర్డ్, చలికాలపు పగలు వేటకు చాలడం లేదని గడియారాలన్నిటినీ అరగంట ముందుకు తిప్పించాడు. 1936 దాకా అక్కడ అదే కాలమానం. మన పెళ్ళిళ్ళలో గడియారం ఒక దారిన, మనుషులు ఒక దారిన నడవడం చూశాను గానీ, గడియారానికే శిక్షణ ఇచ్చినవాణ్ణి మాత్రం ఈయన్నొక్కణ్ణే చూశాను.

నాకు తుపాకీ లేదు. చీమల బారు ఎదురైతే దాటుకుని పోయే రకాన్ని. పక్క పొలం రైతుగారి కుక్క ఈనితే నల్లపిల్ల ఒకటి మాకిచ్చాడు. ఇస్తూ ఒక మాటన్నాడు: "ఇది పనికుక్కల వంశం. దీనికి మీరు పని చెప్పండి. లేకపోతే అదే మీకు పని చెబుతుంది." ఆ మాట తేలిగ్గా తీసుకున్నాను. ఏడాది తిరిగేసరికి మా ఇంట్లో ఎడమకాలి చెప్పులు ఒక్కటీ మిగల్లేదు. కుడికాలివి ముట్టలేదు. పనికుక్కకు ఒక క్రమం ఉంటుంది మరి.

దాంతో శనివారం శిక్షణకు తీసుకువెళ్ళాను. గురువుగారు అరవై దాటిన ఆవిడ. ఆవిడ వేసుకున్న ఆకుపచ్చ కోటు వానలో పుట్టి వానలోనే పెరిగినట్టుంది. మొదట కుక్క పేరడిగారు.

"చిట్టి," అన్నాను.

"సిట్?"

"సిట్ కాదండీ, చిట్టి."

ఆవిడ కాసేపు ఆకాశం వైపు చూశారు.

సంగతేమిటంటే, ఈ విద్యలో ప్రాణమంతా కదలకుండా కూర్చోవడంలో ఉంది. గుడ్డసంచిలో ఏదో కుక్కి కుట్టిన డమ్మీ ఒకటి ఉంటుంది, దాదాపు 450 గ్రాముల బరువు. అది గాలిలోకి లేచి దబ్బున పడినా, పక్కన తుపాకీ పేలినా, కుక్క కూర్చున్న చోటే కూర్చోవాలి. యజమాని తన పేరు పిలిచినప్పుడే పరుగెత్తాలి. అంటే "సిట్" అన్నది ఆగమని, పేరు అన్నది పొమ్మని. మిగతా ఏడుగురూ తమ కుక్కలను "సిట్" అని ఆపినప్పుడల్లా మా కుక్క బాణంలా దూసుకుపోయేది. తననే అంతమంది అంత ప్రేమగా పిలుస్తుంటే ఎలా ఆగుతుంది?

"పేరు మార్చండి," అన్నారు గురువుగారు.

ఇంటికొచ్చి ఈ ముక్క చెబితే మా ఆవిడకు కళ్ళు ఎర్రబడ్డాయి. "చిన్నప్పుడు మా నాన్నగారు నన్ను పిలిచిన పేరండీ అది. అంత ఇబ్బందిగా ఉంటే వాళ్ళనే ఆ సిట్‌ను మార్చుకోమనండి."

మధ్యేమార్గంగా విజిల్ వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో తయారయ్యే ఆక్మే విజిల్, 211.5 నంబరు. ఆ నంబరు దాని స్వరానిది. ఒకటి పోగొట్టుకుంటే అదే నంబరుది ఇంకోటి కొనుక్కోవచ్చు, కుక్కకు తేడా తెలియదు. చిన్నచిన్న కూతలు నాలుగైదు వేస్తే వెనక్కి రమ్మని. ఒకటే పొడుగు కూత వేస్తే ఎక్కడున్నా ఆగి, కూర్చుని, నా వైపు చూడమని. ఇది నేర్పే పద్ధతి చాలా సులువు: అన్నం గిన్నె చేత్తో పట్టుకుని ఒక్క కూత కూయాలి, కుక్క కూర్చోగానే గిన్నె కింద పెట్టాలి. రోజూ రెండు పూటలా ఇదే తంతు. క్రిస్మస్ నాటికి చిట్టి బురదగుంట మధ్యలో ఉన్నా సరే, కూత వినబడితే చతికిలబడేది. గురువుగారు నా భుజం తట్టారు. ఆ దేశంలో అది దాదాపు పద్మశ్రీ.

జనవరిలో తెనాలి నుంచి అత్తయ్యగారు వచ్చారు, ఆరు నెలల వీసా మీద.

వచ్చిన మూడో రోజు కరివేపాకు కోసం ఫ్రీజర్ తెరిచారు. లోపల, మునక్కాయ ముక్కలకూ గోంగూర పొట్లానికీ మధ్య, ప్లాస్టిక్ సంచిలో ఈకలతో సహా ఒక పావురం కనబడింది. అది నా పాఠ్యపుస్తకం. డమ్మీ నుంచి నేరుగా నిజమైన వేటకు తీసుకుపోకుండా, మధ్యలో ఇలా చల్లారిన పక్షితో ఒక తరగతి నడుపుతారు. ముందురోజు బయట పెట్టి, పూర్తిగా మంచు విడిచి, ఆరాక వాడతారు. ఇదంతా నేను వివరించేలోపే అత్తయ్యగారు కూతుర్ని పక్కకు పిలిచారు. నాకు వినబడకూడదనుకున్నారు గానీ వినబడింది.

"ఏమ్మా, అబ్బాయి ఉద్యోగం పోయిందా? పావురాలు తినే దాకా వచ్చారా?"

మర్నాటి నుంచి ఫ్రీజర్‌లో పావురానిది కింది అర, మాది పై అర. మధ్య అర ఖాళీ.

ఇక కుక్కరు సంగతి. అత్తయ్యగారి వంటింట్లో గడియారానికి పని లేదు, లెక్కంతా విజిల్స్‌దే. కందిపప్పుకు మూడు. మొదటి విజిల్ రాగానే హాల్లో పడుకున్న చిట్టి దిగ్గున లేచి, వంటింటి గుమ్మంలో బుద్ధిగా కూర్చుంది. ఆక్మేకూ కుక్కరుకూ స్వరం కలవదు నిజమే, కానీ చిట్టి సంగీతంలో డిప్లొమా చేయలేదు. కూత, కూర్చోవడం, గిన్నె: దానికి తెలిసింది అంతే.

"ఎంత బుద్ధిమంతురాలో!" అన్నారు అత్తయ్యగారు.

కానీ ఆవిడ క్రమశిక్షణ మనిషి. మొదటి విజిల్‌కు పెట్టలేదు. రెండోదానికీ పెట్టలేదు. "ఆగు తల్లీ, ఇంకా ఒకటుంది." మూడోది కూయగానే పొయ్యి కట్టేసి, ముందే తీసి పక్కన పెట్టిన ముద్దపప్పు అన్నం పిసరంత గిన్నెలో వేశారు. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు పడవని మొదటి రోజే చెప్పాను, తాలింపు వేయకముందే దాని వాటా తీసేవారు. ఆ ఒక్క మాట విన్నారు. కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు 2016లో తేల్చిందేమిటంటే, లాబ్రడార్లలో నాలుగోవంతు వాటికి ఒక జన్యువులో ముక్క తెగిపోయి ఉంటుంది, అవి మిగతావాటికన్నా తిండి మీద ఎక్కువ ఆశ పడతాయి. చిట్టికి పరీక్ష చేయించలేదు. డబ్బు దండగ.

నేను నెలల తరబడి ఊపిరి పోయేలా ఊది నేర్పింది ఒక్క కూత. ఆవిడ నేర్పింది ఎక్కాలు. మార్చి కల్లా చిట్టి మొదటి కూతకు కూర్చునేది, రెండో కూతకు చెవులు రిక్కించి నాలుకతో మూతి తుడుచుకునేది, మూడో కూతకు గిన్నె దగ్గర ఉండేది. మురిసిపోయి వీడియో తీసి చుట్టాలందరికీ పంపాను. ప్రమాదం నా ఫోన్లోనే ఉంది, నేనే చూసుకోలేదు.

మే నెలలో ఒక ఆదివారం వర్కింగ్ టెస్టు. అంటే అసలు పక్షులు లేకుండా డమ్మీలతోనే పరీక్ష. కోట్లు, టోపీలు, మెడలో విజిళ్ళు, నలభై కుక్కలు. ఒక్కటీ మొరగదు. మన ఊళ్ళో నలభై మంది మనుషులను అలా కూర్చోబెట్టి చూపించండి.

మొదటి అంశం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నాలుగు కుక్కలను వరసలో కూర్చోబెట్టారు. తుపాకీ పేలింది, డమ్మీ పడింది, మా పక్కాయన తన కుక్కతో మెల్లగా "సిట్" అన్నాడు. చిట్టి వెళ్ళింది, ఆయన కుక్క తేవాల్సిన డమ్మీ తెచ్చి నాకిచ్చింది. సున్నా. ఆయన నాకు క్షమాపణ చెప్పాడు. తన తప్పేమిటో ఆయనకు తెలియదు, ఆ దేశంలో ముందు క్షమాపణ చెప్పేసి తరువాత ఆలోచిస్తారు.

రెండో అంశం బ్లైండ్. డమ్మీ ఎక్కడ దాచారో నాకు చెబుతారు, కుక్కకు చెప్పరు. కుక్కను తిన్నగా పంపి, మధ్యలో విజిల్‌తో ఆపి, చేయి చాపి కుడికో ఎడమకో మళ్ళించాలి. చిట్టి గడ్డి చీల్చుకుంటూ యాభై గజాలు పోయింది. పొడుగ్గా ఒక్క కూత కూశాను. ఠక్కున ఆగి, వెనక్కి తిరిగి కూర్చుంది. చూస్తున్నవాళ్ళలో ఎవరో "అబ్బ" అన్నట్టు ఊపిరి పీల్చారు. నేను ఠీవిగా కుడిచేయి చాపాను.

కదల్లేదు. అది నా చేతిని చూడటం లేదు, నా నోటిని చూస్తోంది.

గమనించలేదేమో అనుకుని మళ్ళీ కూశాను. చెవులు రిక్కించింది. నాలుకతో మూతి తుడుచుకుంది. ఆ నాలుక నాకు తెలుసు. రోజూ రాత్రి ఏడున్నరకు మా వంటింటి గుమ్మంలో చూసే నాలుకే అది. అక్కడితో ఆపాల్సింది. కానీ న్యాయనిర్ణేత కలం ఎత్తి పట్టుకున్నాడు, నలభై మంది చూస్తున్నారు, చెయ్యి దానంతటదే విజిల్‌ను నోటికందించింది.

మూడోది కూశాను.

చిట్టి కుడికీ పోలేదు, ఎడమకూ పోలేదు. ముక్కు ఒక్కసారి పైకెత్తి గాలి పసిగట్టి, దూరంగా ఓక్ చెట్టు కింద నిర్వాహకుల కోసం పరిచిన భోజనాల బల్ల వైపు సరళరేఖలో వెళ్ళింది. నేను వెనక్కి రమ్మని చిన్న కూతలు కూస్తున్నకొద్దీ దాని వేగం పెరిగింది. ఇన్ని విజిల్స్ అంటే ఇవాళ ఇంట్లో శుభకార్యం అనుకుని ఉంటుంది. ముందు రెండు సాండ్‌విచ్‌లు పోయాయి. తరువాత ఒక కేకు ముక్క. ఆ తరువాత వంశం గుర్తుకొచ్చినట్టుంది, స్కాచ్ ఎగ్ ఒకటి నోట కరుచుకుని, తల నిటారుగా పెట్టి, పరీక్షపత్రంలో రాసినట్టుగా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఎదురుగా కూర్చుని నా అరచేతిలో పెట్టింది.

స్కాచ్ ఎగ్ అంటే ఉడికించిన గుడ్డుకు మాంసం పూసి, రొట్టెపొడిలో దొర్లించి వేయించినది, మన గుడ్డు బజ్జీకి ఇంగ్లీషు మేనబావ. న్యాయనిర్ణేత నడుచుకుంటూ వచ్చి చేయి చాపాడు. ఇచ్చాను. నిజమైన వేటల్లో కుక్క తెచ్చిన పక్షి పక్కటెముకలను వేళ్ళతో తడిమి చూస్తారు, నలిగి ఉంటే కుక్కది మొరటు నోరని పక్కన పెట్టేస్తారు. ముప్పై ఏళ్ళ అలవాటు కాబోలు, ఆయన ఆ గుడ్డును రెండు బొటనవేళ్ళ మధ్య నెమ్మదిగా తిప్పి తిప్పి నొక్కి చూశాడు.

"పన్ను గాటు కూడా లేదు," అన్నాడు. కాసేపు ఆగి, "ఇది నాదే," అన్నాడు. సున్నా వేశాడు.

కారు దగ్గర గురువుగారు అడిగారు. "ఎన్నిసార్లు ఊదారు?"

"మూడు."

"ఎందుకు మూడు?"

చెప్పాల్సి వచ్చింది. ఆవిడ నవ్వలేదు. రోగి ఇంటికే వచ్చి చూస్తానన్న పాతకాలపు వైద్యుడిలా, సోమవారం సాయంత్రం తన పెద్ద కుక్కను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. పదేళ్ళ వయసు, నెరిసిన గడ్డం, గెలిచిన పతకాలకు ఇంట్లో వేరే గోడ ఉందట.

కుక్కరు మొదటి కూత కూసింది. రెండు కుక్కలూ ఒకేసారి కూర్చున్నాయి. రెండోది కూసింది. మూడోది కూసింది. చిట్టి లేచి గిన్నె దగ్గరికి వెళ్ళింది. పెద్దాయన శిలావిగ్రహంలా అక్కడే ఉన్నాడు. గురువుగారు నా వైపు ఒక చూపు చూశారు. చూడండి, శిక్షణ అంటే ఇదీ అన్న చూపు.

అత్తయ్యగారు పెద్దాయన తల నిమిరారు. "పాపం, వీడికి లెక్కలు రావు," అని ఒక ముద్ద వీడి ముందూ పెట్టారు. వాడు మింగిన వేగం చూసి ఇంకోటి పెట్టారు. వద్దని చెప్పే వ్యవధి ఎవరికీ దొరకలేదు.

గురువారం రాత్రి ఫోను మోగింది. గురువుగారు.

"ఆ పచ్చటి అన్నం పేరేమిటి?"

చెప్పాను. ఒక్కొక్క అక్షరమే చెప్పమని రాసుకున్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"పొలంలో ఇవాళ మావాణ్ణి విజిల్‌తో ఆపాను. ఆగాడు. ఎడమకు పొమ్మన్నాను. పోలేదు. రెండోసారి ఊదితే మూతి తుడుచుకున్నాడు."

అత్తయ్యగారికి తెలుగులో చెప్పాను. ఆవిడ పప్పు మెదుపుతూ, తల తిప్పకుండానే అన్నారు:

"ఇంట్లో కందిపప్పు లేకుండా మూడోది మాత్రం ఊదవద్దని చెప్పండి బాబూ."