బోరింగు పాడైతే బాగుచేసేది ఎవరు?

రెండు వారాల సేవ కోసం పిల్లలను ఆఫ్రికా పంపకండి. వేసవి సెలవులు వచ్చేసరికి తెలిసినవాళ్లు ఏటా ఇదే సలహా అడుగుతున్నారు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే చెబుతున్నాను. మలావీలో గ్రామీణ నీటి పథకాల్లో కొన్నేళ్లు పనిచేశాను. ఆ ఊళ్లంటే నాకు ప్రాణం. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పిల్లల మనసు మంచిదే, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. కానీ అక్కడ వాళ్లతో ఏం చేయిస్తారో చూడండి. బడి గోడకు రంగు వేయిస్తారు, నాలుగు వరసల ఇటుకలు పేర్పిస్తారు. మలావీలో చాలా ఊళ్లలో ఇటుకలు ఊరివాళ్లే కోసి, బట్టీ పెట్టి కాల్చుకుంటారు. బడి కట్టాలంటే ఇటుకలు, ఇసుక ఊరి వంతుగా ముందే పోగుచేసి పెడతారు. తాపీ పట్టడం వచ్చినవాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లకు లేనిది కూలి ఇచ్చేవాడు. ఆ మేస్త్రీ పక్కన నిలబడి చూస్తుంటే, తాపీ ఎప్పుడూ ముట్టని పదిహేడేళ్ల పిల్లవాడి చేత గోడ కట్టిస్తారు. ఆ పిల్లవాడి విమానం టికెట్టుకు, సంస్థకు కట్టిన రుసుముకు అయిన లక్షలతో ఆ మేస్త్రీకి ఎన్ని నెలల పని దొరికేదో ఎవరైనా లెక్క వేశారా?

నీళ్ల విషయంలో ఇంతకంటే పెద్దవాళ్లు ఇంతకంటే పెద్ద పొరపాటు చేశారు. దక్షిణాఫ్రికాలో ప్లేపంప్ అని ఒకటి తయారైంది. పిల్లలు ఆడుకునే రంగులరాట్నం తిరుగుతుంటే కింద బోరులోంచి నీళ్లు పైన ట్యాంకులోకి ఎక్కుతాయి. ఫొటోలో ఎంత అందంగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. 2006లో అమెరికాలో దీనికోసం 1.64 కోట్ల డాలర్లు ప్రకటించారు. 2010 నాటికి 4,000 పంపులు పెడతామన్నారు. ఒక్కోటి దాదాపు 14,000 డాలర్లు, మామూలు చేతి పంపుకు నాలుగింతల ఖరీదు. వాళ్లు చెప్పినంత మందికి నీళ్లు అందాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని బ్రిటన్ పత్రిక గార్డియన్ లెక్క తేల్చింది. పిల్లలు కాసేపు తిరిగి వెళ్లిపోయేవారు. ఆ తర్వాత ఆ చక్రాన్ని చేతులతో తోసి తిప్పింది ఆడవాళ్లు, ముసలమ్మలు. మలావీలో కొన్నిచోట్ల నడుస్తున్న చేతి పంపును పీకేసి మరీ ఆ బోరు మీద దీన్ని పెట్టారు. పాడైతే విప్పడం ఊళ్లో ఎవరికీ రాదు.

అక్కడ అఫ్రిడెవ్ అని ఒక చేతి పంపు ఉంటుంది. 1980లలో మలావీ, కెన్యాలలో ఊళ్లలోనే పరీక్షించి తయారుచేశారు. అంతకుముందు మన దేశంలో రూపొందిన ఇండియా మార్క్-2, అదే మన ఊళ్లలో బోరింగు అని పిలుచుకునేది, ఆఫ్రికాలో కూడా ఎన్నో దేశాలకు వెళ్లింది. గట్టి పంపు. కానీ లోపలి తోలు వాషరు అరిగితే ఇనుప పైపులన్నీ పైకి లాగాలి. అందుకు సామాను కావాలి, నలుగురైదుగురు మనుషులు కావాలి. అఫ్రిడెవ్‌కు ఆ అవస్థ లేదు. ఒకే ఒక్క స్పానరుతో పైమూత విప్పుతారు. లోపలి కడ్డీలు ఒకదానికొకటి కొక్కేలతో తగిలించి ఉంటాయి. పైపులు కదపకుండానే ఒక్కొక్క కడ్డీ లాగి, తీసి పక్కన పెడుతుంటే చివర పిస్టన్ బయటికి వస్తుంది. దాని చుట్టూ ఉన్న రబ్బరు సీలు అరిగి పలచబడి ఉంటుంది. అది తీసేసి కొత్తది తొడిగి, కడ్డీలు మళ్లీ దించుతారు. పంపును చూసుకునే ఊరి నీటి కమిటీలోని ఆడవాళ్లు చితెంగెలు, అంటే అక్కడి ఆడవాళ్లు చుట్టుకునే రంగుల గుడ్డలు, నడుముకు బిగించుకుని, ఒకరు లాగుతుంటే ఇంకొకరు అందుకుంటూ ఈ పని చకచకా చేసేస్తారు. నేను ఎన్నోసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ సంతోషం కలిగేది.

మరి పంపులు ఎందుకు మూలపడుతున్నాయి? సహారాకు దిగువన ఉన్న దేశాల్లో ఏ సమయంలో చూసినా మూడింట ఒక వంతుకు పైగా చేతి పంపులు పనిచేయడం లేదని గ్రామీణ నీటి సరఫరా నెట్‌వర్క్ అనే అంతర్జాతీయ సంస్థ 2009లో అంచనా వేసింది. కారణం సీలు. కడ్డీ. పిడి కీలులోని బుష్. దగ్గరి అంగడిలో అవి దొరకవు, దొరికే రోజుకు కమిటీ డబ్బాలో డబ్బు ఉండదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పాత మొక్కజొన్న అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాదు. తిండికే లేని ఆ రోజుల్లో పంపు చందా ఎవరిస్తారు? పెద్ద మరమ్మతులు చేసే మెకానిక్కు సైకిలు మీద ఊరూరా తిరుగుతాడు, ఊరు ఇస్తేనే అతనికి కూలి. ఇంత చిన్న విషయానికి డబ్బిచ్చే దాత దొరకడు. కొత్త బోరు అనగానే మాత్రం ముందుకు వస్తారు.

ఇది మనకు తెలియని కథ కాదు. ఫ్లోరైడ్ నీళ్లను పటిక, సున్నంతో శుద్ధి చేసే విధానానికి ప్రపంచమంతటా నల్గొండ పద్ధతి అనే పేరు. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ఆ పద్ధతిని టాంజానియాలో, ఇథియోపియాలో కూడా పెట్టి చూశారు, అక్కడి రిఫ్ట్ లోయ నీళ్లలోనూ అదే విషం. రోజూ సరైన మోతాదులో పటిక కలిపి, అడుగున పేరుకున్న మడ్డి తీసి పారబోసే మనిషికి జీతం ఇచ్చే ఏర్పాటు లేనిచోట అది ఎక్కడా నిలవలేదు. మన దగ్గరా అంతే. నల్గొండ ఊళ్లకు కృష్ణా నీళ్లు వచ్చాక గానీ ఊరట దొరకలేదు. వంకర తిరిగిన కాళ్లతో బతికిన మనుషులను ఎరిగిన మనం కూడా రెండు వారాల్లో ఒక ఊరిని బాగుచేయవచ్చని నమ్మితే నాకు బాధ కలుగుతుంది.

ఇలాంటి సేవకే పిల్లలను పంపే అనాథాశ్రమాల సంగతి తలచుకుంటే కోపం ఆగదు. ప్రపంచంలో ఇలాంటి ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఐదుగురిలో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని సేవ్ ద చిల్డ్రన్ సంస్థ 2009లో చెప్పింది. మలావీలో ఎయిడ్స్ ఇంటింటినీ ఊడ్చేసిన రోజుల్లో కూడా తల్లిదండ్రులు పోయిన పిల్లలను ఎక్కువగా పెంచింది అమ్మమ్మలు, నాయనమ్మలే. ఆ అమ్మమ్మకు ఓ బస్తా మొక్కజొన్న ఇస్తే పిల్ల ఇంట్లోనే ఉంటుంది. అలా కాకుండా ఆశ్రమానికి చేర్చి, రెండు వారాలకొక కొత్త అక్కను చూపించి, దగ్గరయ్యేలోపే ఆమెను పంపించేస్తున్నారు. ఎత్తుకున్న ప్రతి మనిషీ వెళ్లిపోతుంటే ఆ పసిదాని గతి ఏమిటి? మీ బిడ్డకైతే ఒప్పుకుంటారా?

వెళ్లవద్దని ఎవరినీ అనను. అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ పీస్ కోర్ 1961లో ఘనాకు పంపింది ఉపాధ్యాయులను. ఆ సంస్థలో ఇప్పటికీ మామూలుగా మూడు నెలల శిక్షణ, ఆ తర్వాత రెండేళ్ల పని ఉంటాయి. నర్సు, పశువైద్యుడు, పంపు మెకానిక్కు, లెక్కలు చెప్పగల టీచరు, ఇలాంటివాళ్లు రెండేళ్లు ఉండటానికి సిద్ధపడి, మలావీ భాష చిచెవా నేర్చుకుని, అక్కడి అధికారి కింద పనిచేస్తే ఆ ఊరికి ఎంతో మేలు. లేదంటే అటువాళ్లనే ఇటు రప్పించవచ్చు. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ ఆఫ్రికా పల్లెల నుంచి చదువురాని అమ్మమ్మలను పిలిపించి, ఆరు నెలలు సౌర దీపాల పని నేర్పింది. ప్రయాణ ఖర్చు మన ప్రభుత్వం భరించింది. వాళ్లు తిరిగి వెళ్లి తమ ఊళ్లలో దీపాలు వెలిగించారు. పాడైతే బాగుచేసేదీ వాళ్లే, ఎందుకంటే వాళ్లు ఎక్కడికీ వెళ్లిపోరు.

లిలోంగ్వేలో, లుసాకాలో, దారెస్సలాంలో ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకుంటున్న తెలుగువాళ్లకు ఒక మాట. మీరు ఏళ్ల తరబడి అక్కడే ఉంటున్నారు. ఉగాదికి చందాలు పోగైతే కొత్త బోరు వేయించకండి. జిల్లా నీటి కార్యాలయానికి వెళ్లి ఏ ఊళ్లో పంపులు ఆగిపోయాయో అడగండి. ఆ ప్రాంతపు మెకానిక్కును కలవండి. సంతకు దగ్గరగా ఉన్న ఒక దుకాణంలో సీళ్లు, బుష్‌లు, కడ్డీలు ఎప్పుడూ నిల్వ ఉండేలా పెట్టుబడి పెట్టండి, అమ్మిన డబ్బుతో మళ్లీ సరుకు తెప్పించేలా చూడండి. నవంబరులో వానలు పడేలోపే ఈ పని పూర్తికావాలి, ఆ తర్వాత దారులు బురదవుతాయి, కమిటీ డబ్బా ఖాళీ అవుతుంది. ఎవరిని కలవాలో తెలియకపోతే నన్ను అడగండి, నాకు తెలిసినదంతా చెబుతాను.