అదాలత్ సెంటర్‌లో స్కాట్లాండ్ కేసు

అంతర్జాతీయ వ్యవహారాల్లో హనుమకొండ పాత్రను చరిత్రకారులు మొదటి నుంచీ తక్కువ చేసే చూశారు. కాకతీయుల దగ్గర మొదలుపెట్టి కాకతీయుల దగ్గరే ఆపేస్తారు. 2014 సెప్టెంబరులో, బ్రిటన్‌లో ఉండాలా విడిపోవాలా అని స్కాట్లాండ్ ఓటేసుకోబోతున్నప్పుడు, ఆ దేశం భవిష్యత్తును అదాలత్ సెంటర్‌లోని ఒక ఛాయ్ కొట్టు పది రోజుల పాటు విచారించిన సంగతి ఏ పుస్తకంలోనూ కనపడదు. ఆ విచారణకు నేను ప్రత్యక్ష సాక్షిని. ఆ కొట్టులో నా పేరు మీద ఖాతా కూడా ఉంది కాబట్టి బాధ్యతగా రాస్తున్నాను.

కేసు మా దాకా ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. రోజూ కొట్టుకు వచ్చే ఆర్టీసీ కండక్టరన్న కొడుకు అప్పట్లో గ్లాస్గోలో చదువుతున్నాడు. ఓ సాయంత్రం ఫోన్ చేసి, "నాయినా, నాకీడ ఓటొచ్చింది. ఎటెయ్యాలె?" అన్నాడు. మేమెవరం నమ్మలేదు. చదువుకోవడానికి పోయినవాడికి, అదీ బ్యాంకు లోను మీద పోయినవాడికి, దేశం ఉండాలా విడిపోవాలా అని అడిగే కాగితం ఎవరిస్తారు? కానీ నిజమే. కామన్వెల్త్ దేశాల పౌరులు వీసాతో అక్కడ ఉంటున్నా సరే, ఓటు ఉందన్నారు. పదహారేళ్లు నిండితే చాలన్నారు. అదే స్కాట్లాండ్‌లో పుట్టి పెరిగి, ఉద్యోగం కోసం లండన్‌లో కాపురం పెట్టినవాడికి మాత్రం లేదు. అంటే ఎడిన్‌బరోలో పుట్టినవాడికి లేని హక్కు హసన్‌పర్తిలో పుట్టినవాడికి దొరికింది. ఈ ఒక్క ముక్కతో ఆ కేసు మీద మా కొట్టుకు సర్వాధికారాలు వచ్చేశాయి.

"ఇది పిలగాని ఒక్కని ఓటు కాదు, మనందరిది" అని రిటైర్డ్ లెక్కల సారు తేల్చేశారు.

మాకు అర్హత లేదని ఎవరూ అనకండి. అప్పటికి తెలంగాణ వచ్చి మూడు నెలలు. విడిపోవడంలో మాకున్న అనుభవం ఇంకా వేడి వేడిగా ఉంది. రాష్ట్రం వేరు, దేశం వేరు, రెండిటికీ పోలికేంటని డిగ్రీ కుర్రాడొకడు అడ్డం పడ్డాడు. ఆ రోజు అతని ఛాయ్ అందరికన్నా ఆలస్యంగా వచ్చింది.

విచారణ మొదట్లోనే ఒక పెద్ద చిక్కు వచ్చింది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి దలాలీ చేసే కాకకు ఆ దేశం పద్ధతే నచ్చలేదు. "గంతేనా? బంద్ లేదు, రాస్తారోకో లేదు, రోడ్డు మీద వంటావార్పు లేదు. కాయితం మీద గీత గీస్తే దేశమొస్తదా?" అన్నాడు. కాక బాధలో న్యాయముంది. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. కండక్టరన్న ఆ సమ్మెలో జీతం పోగొట్టుకున్నాడు. ఇంత చేసినా చివరికి మమ్మల్ని ఎవరూ అవునా కాదా అని అడగలేదు. పార్లమెంటు 2014 ఫిబ్రవరిలో బిల్లు పాస్ చేసింది, అంతే. వాళ్లకేమో ఒక్క రోజు కూడా బస్సు ఆగకుండా, ఇంటికి దగ్గర్లోని బడిలో పెట్టె పెట్టి మరీ అడుగుతున్నారు. కష్టపడకుండా వచ్చిన దేశానికి విలువుంటుందా అన్నది కాక వాదన. నష్టపోయిన జీతం మళ్లీ వస్తుందంటే తానూ ఆ పద్ధతికే ఓటేస్తానని కండక్టరన్న మెల్లగా అన్నాడు.

సారు దృష్టి ప్రశ్న మీద పడింది. "స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా?" అన్నదే ప్రశ్న. మొదట్లో వాళ్ల ప్రభుత్వం "కావాలని మీరు ఒప్పుకుంటారా?" అని రాసిందట. ఒప్పుకుంటారా అని అడిగితే మనిషి మొహమాటానికి అవుననేస్తాడని ఎన్నికల సంఘం ఆ మాటలు తీయించిందట. సారు ఛాయ్ గ్లాసు కింద పెట్టి కాసేపు మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్లు బడిలో "అర్థమైంది కదా?" అని అడిగిన మనిషి ఆయన. ఎప్పుడూ నలభై గొంతులు అయిందనే అన్నాయట.

తర్వాత కరెన్సీ. విడిపోయినా బ్రిటిష్ పౌండునే వాడుకుంటామని స్కాట్లాండ్ ప్రభుత్వం, కలిపి వాడుకోవడానికి ఒప్పుకునేది లేదని ఆ ఫిబ్రవరిలోనే లండన్ ఆర్థిక మంత్రి. రెండు దేశాల మేధావులూ దీని మీద తలలు పట్టుకుని ఉంటే, మా కొట్టు బెంచీ చివర కూర్చునే ఎనభై ఏళ్ల తాత నవ్వాడు. నిజాం కాలంలో వరంగల్‌లో నడిచింది హాలీ సిక్కా. సరిహద్దు దాటితే బ్రిటిష్ రూపాయి. దాన్ని ఇక్కడ కల్దార్ అనేవాళ్లు. ఏడు హాలీ రూపాయలు పోస్తే ఆరు కల్దార్లు. "బెజవాడ పోయొస్తే అంగికి రెండు జేబులుండాలె. ఒక జేబుల నిజాం, ఒక జేబుల తెల్లోడు. ఏం కాలే. లెక్క తప్పితే మా అయ్య కొట్టేటోడు, గంతే" అన్నాడు తాత. లండన్ బ్యాంకు గవర్నరు దగ్గర కూడా ఇంత తేటగా చెప్పే మనిషి ఉండడని నా అభిప్రాయం.

ఇక్కడ ఓ చిన్న పక్కదారి. స్వతంత్ర దేశంగా బతకడమంటే ఏంటో మాకు తెలియదనుకుంటారు చాలామంది. 1947 జూన్‌లో నిజాం తాను ఎవరితోనూ కలవనని ప్రకటించాడు. ఆ ఆగస్టు 15 నుంచి 1948 సెప్టెంబరు 17 దాకా, పదమూడు నెలలు, మా తాతలు ఏ దేశంలో ఉన్నారో వాళ్లనెవరూ అడగలేదు. అడగకుండానే చెప్పబోయినవాళ్లకు ఏం జరిగిందో పరకాల వాళ్లకు తెలుసు. 1947 సెప్టెంబరు 2న అక్కడ జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి. అక్కడ చనిపోయినవాళ్ల గుర్తుగా కట్టిన అమరధామం ముందు నుంచి బస్సు వెళ్తున్నప్పుడు మా కొట్టు తాత ఇప్పటికీ మాట్లాడడు. ఈ ఒక్క పేరాలో వ్యంగ్యం లేదు, వెతక్కండి.

తేదీ చూడండి. స్కాట్లాండ్ ఓటింగు సెప్టెంబరు 18న. దానికి ముందు రోజు మాకు సెప్టెంబరు 17. హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిసిన రోజు. కలిసింది అనగానే కొట్టులో ఒకాయన లేచి "కలవలేదు, విమోచనం" అన్నాడు. ఇంకొకాయన "విలీనం" అన్నాడు. మూడో ఆయన "విద్రోహం" అన్నాడు. ఆ పూట స్కాట్లాండ్ ఊసే రాలేదు. ఒక దేశంలో చేరిన రోజును ఏమని పిలవాలో తేల్చుకోవడానికి మాకు 66 ఏళ్లు చాలలేదు. వాళ్లు 307 ఏళ్ల కాపురం వదులుకోవాలో వద్దో పొద్దున ఏడింటి నుంచి రాత్రి పదింటి లోపు తేల్చేస్తామంటున్నారు. తొందరపాటు కాకపోతే ఏంటి? మేమైతే ఇప్పటికీ ఆ పనిలోనే ఉన్నాం. 2022లో కేంద్రం విమోచన దినమంది, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినమంది. 2024లో అదే రోజు ప్రజాపాలన దినోత్సవమైంది. రోజు ఒక్కటే, బ్యానర్లు కట్టేవాళ్లకు మాత్రం పని తగ్గలేదు.

ఇక ఆదాయం. స్కాట్లాండ్‌కు ఉత్తర సముద్రంలో చమురుంది. బ్యారెల్ 110 డాలర్ల చొప్పున లెక్కేసుకుని వాళ్ల ప్రభుత్వం ఆరు వందల పేజీలు దాటిన పుస్తకం వేసింది. మాకు సింగరేణి ఉన్నట్టే కదా అని మేం సంతోషపడుతుంటే మిర్చి కాక మొహం ముడుచుకున్నాడు. "ధర మీద ఇల్లు కట్టొద్దురా. యార్డుల పొద్దుగాల పాడిన రేటు మాపటికి ఉండది" అన్నాడు. మేం ఆయన మాట పట్టించుకోలేదు, ఎందుకంటే ఆయన అన్నిటికీ అదే చెప్తాడు. నాలుగు నెలలు తిరక్కుండానే, 2015 జనవరిలో, బ్యారెల్ ధర 50 డాలర్ల కిందికి జారింది. ఆరు వందల పేజీలు రాసిన ఆర్థికవేత్తల్లో ఒక్కరైనా ఎనుమాములలో ఒక సీజన్ కూర్చుని ఉంటే ఆ కాగితం ఖర్చు మిగిలేది.

స్కాట్లాండ్ తీరంలో ఉండే బ్రిటన్ అణు జలాంతర్గాముల అంశాన్ని ఆటో తమ్ముడు అర నిమిషంలో ముగించాడు. అన్నదమ్ములు విడిపోయినప్పుడు బాయి, ఎద్దులు పంచుకుంటారు, పక్కింటోళ్లను బెదిరించే తుపాకి ఎవరింట్లో ఉన్నా ఇద్దరికీ పనికొస్తుందన్నాడు. అతని అసలు టెన్షన్ వేరే ఉంది. ఏపీ 36 నంబరు తీసేసి టీఎస్ 03 రాయించుకోమంటారేమోనని అతను అప్పటికే రెండు నెలలుగా నిద్రపోవడం లేదు. "అక్కడ కూడా బండ్ల నంబర్లు మారుతయా? గా ఆరు వందల పేజీలల్ల ఉన్నదా?" అని అడిగాడు. మాలో ఎవరమూ ఆ పుస్తకం చూడలేదు. అయినా ఉండదని అందరమూ గట్టిగా చెప్పాం. (తర్వాత 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. కొత్త బండ్లకే అని తెలిశాక అతను ఛాయ్ ఇప్పించాడు.)

కొట్టు నడిపే అక్క ఇవన్నీ వింటూ గ్లాసులు కడుగుతోంది. ఒక్కసారే నోరు తెరిచింది. "గవన్నీ సరే, ముసలోళ్ల పింఛను ఎవలిస్తరు?" అంది. అప్పటికి ఆమె అత్తకు నెలకు 200 వస్తోంది, వెయ్యి చేస్తామన్న కొత్త ప్రభుత్వం హామీ కోసం చూస్తున్నారు. అక్క ప్రశ్న మాకు చాలా చిన్నదిగా అనిపించింది. దేశాల గురించి మాట్లాడుతుంటే పింఛనేంటి? తర్వాత తెలిసింది, అక్కడ కూడా ప్రతి ఇంటి తలుపు దగ్గరా ముసలివాళ్లు అదే అడిగారని, రెండు పక్షాలూ దానికే ఎక్కువ చెమటలు పట్టించుకున్నాయని.

ఓటింగుకు రెండు రోజుల ముందు లండన్‌లోని మూడు పెద్ద పార్టీల నాయకులు ఒక పత్రిక మొదటి పేజీలో సంతకాలు పెట్టి మాటిచ్చారు. విడిపోకండి, మీ పార్లమెంటుకు ఇంకా అధికారాలు ఇస్తాం అని. ఈ వార్త చదివి సారు కళ్లజోడు తీశారు. 1956లో తెలంగాణను ఆంధ్రతో కలిపేటప్పుడు కూడా సంతకాలు పెట్టారు. దాని పేరే పెద్దమనుషుల ఒప్పందం. ఆ ఒప్పందం అమలు కాలేదనే 1969లో సారు చదివే కాలేజీ నెలల తరబడి మూతపడింది. "పిలగానికి చెప్పు, సంతకం పెట్టినోళ్లను కాదు, ఇరవై ఏండ్ల తర్వాత గా కాయితం ఎక్కడ ఉంటదో గది అడుగుమను" అన్నారు.

చివరికి మేమూ ఓటింగు పెట్టుకున్నాం. సిగరెట్ పెట్టె అట్టలు చింపి చీటీలు చేశాం. ఎనిమిది మందిమి ఉంటే పదకొండు చీటీలు వచ్చాయి. ఫలితం ప్రకటించకుండా వాయిదా వేశాం. ఇంతలో కరెంటు కూడా పోయింది. తెలంగాణ విడిపోతే చీకటేనని చెప్పినవాళ్లను ఆ నెలంతా తిట్టుకుంటూనే కొవ్వొత్తులు కొన్నాం, ఆ మాట కూడా రికార్డులో ఉండాలి.

పందొమ్మిదిన పొద్దున పది దాటాక తేలింది. వద్దన్నవాళ్లు 55 శాతం, కావాలన్నవాళ్లు 45. ఓటేసినవాళ్లు నూటికి దాదాపు 85 మంది. పిల్లవాడు ఫోన్ ఎత్తగానే కండక్టరన్న అడిగిన మొదటి మాట "ఎటేసినవ్?" అని.

"నాయినా, ఓటు రహస్యం" అన్నాడు వాడు.

పది రోజుల విచారణ, ఒక తాత, ఒక సారు, ముప్ఫై నలభై ఛాయ్‌లు. రహస్యమట. కన్నతండ్రికే చెప్పడట. ఆ దేశం నీళ్లు తాగినందుకు వాడికి ఇంత నియమం వచ్చిందని కాక అన్నాడు గానీ, అందులో మెచ్చుకోలు ఎంతో కోపం ఎంతో నాకు తెలియలేదు.

తర్వాత బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చింది. అందులోనే ఉందామని స్కాట్లాండ్‌లో 62 శాతం ఓటేసినా లాభం లేకపోయింది. మళ్లీ ఓటింగు పెట్టుకుంటామంటే లండన్ ఒప్పుకోనిదే కుదరదని 2022 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. మాకు మాత్రం ఈ లోపు విభజనలకు కరువు లేదు. 2016 దసరాకు వరంగల్ జిల్లా అయిదు ముక్కలైంది. 2019లో ములుగు వేరైంది. అర్బన్, రూరల్ అని పెట్టిన పేర్లు 2021లో హనుమకొండ, వరంగల్ అయ్యాయి. కార్పొరేషన్ ఒకటే, జిల్లాలు రెండు. ఎంజీఎం ఆసుపత్రి ఆ జిల్లాలో, యూనివర్సిటీ ఈ జిల్లాలో. ఆటోలో ఇరవై నిమిషాలు పోతే కలెక్టర్ మారతాడు.

పిల్లవాడు గ్లాస్గోలోనే ఉద్యోగంలో కుదిరాడు. మొన్న పాస్‌పోర్టు రెన్యువల్ ఫారం నింపుతూ ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టమన్నాం.

"నాయినా, పాత దాంట్ల వరంగల్ జిల్లా అని ఉంది. ఇప్పుడు మనం ఏ జిల్లాల ఉన్నం?"

కండక్టరన్న సారు వైపు చూశాడు. సారు తాత వైపు చూశారు. కాక ఛాయ్ గ్లాసులోకి చూశాడు. ఎటు చెప్పినా మళ్లీ మారదని హామీ ఎవరిస్తారని ఆటో తమ్ముడు అడిగాడు. పిల్లవాడు అటు నుంచి "హలో, హలో" అంటున్నాడు. విచారణ ఇంకా నడుస్తోంది.