మూడు కిలోల పసుపు పథకం

పసుపు క్యాన్సర్ కణాలను చంపుతుందన్నది నిజమే. ప్రయోగశాల పళ్లెంలో కణాలు పెంచి చేసిన చాలా ప్రయోగాల్లో, పసుపులోని అసలు సరుకైన కర్కుమిన్ 10 నుంచి 50 మైక్రోమోలార్ (ద్రవంలో మందు గాఢతకు కొలత) పడేసరికి సగం కణాలు కన్నుమూస్తున్నాయి. మోతాదు పెంచితే మిగతావీ వాటి వెంటే. గ్రాఫు చూస్తే ముచ్చటేస్తుంది. ఇక ఈ వైద్యాన్ని ఇంటింటికీ చేర్చడమే తరువాయి.

20 మైక్రోమోలార్ లక్ష్యం పెట్టుకుందాం. 2001లో వెలువడిన తైవాన్ తొలిదశ పరీక్షలో రోజుకు 8 గ్రాముల కర్కుమిన్ మింగినవారి సీరంలో (రక్తంలోని ద్రవ భాగంలో) తేలిన గరిష్ఠ మోతాదు సగటున 1.77 మైక్రోమోలార్. అదీ మింగిన గంటా రెండు గంటలకు, ఆపైన దిగుడే. త్రైరాశికం కడితే మనకు 90 గ్రాములు కావాలి. పసుపు పొడిలో కర్కుమిన్ నూటికి మూడు పాళ్లనుకుంటే పూటకో కిలో, రోజుకు మూడు కిలోలు. పళ్లెంలో కణాలు 24 నుంచి 72 గంటలు మందులోనే నానుతాయి గనక రోగి అర్ధరాత్రి కూడా లేచి తినాలి. ఆ పరీక్షలో 8 గ్రాములు దాటాక ఇంత మందు మింగలేమన్నారు రోగులు. సహకారం లోపించింది, అంతే.

ఇక ప్రయోగశాల సంగతి. కర్కుమిన్ నీళ్లలో కరగదు, డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగిస్తారు. పెద్ద మోతాదు కోసం అదే ద్రావణం ఇంకాస్త పోస్తే డీఎంఎస్‌ఓ కూడా పెరుగుతుంది. ప్రతి మోతాదుకూ సమానంగా ఉత్త డీఎంఎస్‌ఓ పోసిన కణాల గుంటలు పళ్లెంలో పక్కన లేకపోతే అది చేసిన హత్యలన్నీ పసుపు ఖాతాలోకే. సీరం లేని 7.2 పీహెచ్ బఫర్ ద్రావణంలో కర్కుమిన్ అరగంటలో 90 శాతం విచ్ఛిన్నమవుతుంది. అయినా పేపర్లో "72 గంటల ప్రభావం" అనే ఉంటుంది. పైగా ఎంటీటీ పరీక్షలో రంగు మారితే కణం బతికున్నట్టు. మొక్కల యాంటీఆక్సిడెంట్లు చాలావరకు ఆ రంగును కణాల ప్రమేయం లేకుండానే మార్చేయగలవు. అంటే చచ్చినవాళ్లు కూడా వచ్చి ఓటేసి పోతారు. పక్కన మామూలు కణాలకు ఇదే మోతాదు ఇచ్చి చూశారా అని అడగడం అమర్యాద.

"మిరియాలు కలపండి, రక్తంలోకి 20 రెట్లు ఎక్కుతుంది" అంటారా? నిజమే, 1998 నాటి బెంగళూరు అధ్యయనం ఆ మాటే చెప్పింది: 2 గ్రాముల కర్కుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపరిన్ (మిరియాల్లోని ఘాటు పదార్థం). కాకపోతే విడిగా తీసుకున్నప్పుడు రక్తంలో కనిపించీ కనిపించనంతే ఉంది. దానికి 20 రెట్లు. గరిష్ఠం అర మైక్రోమోలార్ దరిదాపుల్లో. పైపరిన్ చేసేదల్లా పేగులూ కాలేయమూ మందును బయటికి పంపే పనిని మందగింపజేయడం. కొన్ని కీమో మందులు బయటికి పోయేదీ అదే దారిన. కాబట్టి పైపరిన్ కలిపిన పసుపు మాత్ర వేసుకున్నాక ఒంట్లో పెరిగేది పసుపు మోతాదు ఒక్కటే కాకపోవచ్చు. డాక్టరు రాసిన చీటీలో మాత్రం పాత మోతాదే ఉంటుంది.