సవరణ: అమెరికా ప్రైవేటు జైళ్లకు లాభం ఎక్కడి నుంచి వస్తుంది

‘మాదకద్రవ్యాల కేసుల్లో శిక్షపడినవారి చాకిరీయే అమెరికా ప్రైవేటు జైళ్ల లాభానికి మూలం’ అని గత వ్యాసంలో వచ్చిన వాక్యాన్ని ఈ వివరణతో కలిపి చదువుకోవాలని మనవి.

ఈ జైళ్లను నడిపే కోర్‌సివిక్, జియో గ్రూప్ వంటి కంపెనీలకు ప్రధాన ఆదాయం ఒక్కో ఖైదీకి రోజుకింత చొప్పున ప్రభుత్వం చెల్లించే సొమ్ము. కొన్ని ఒప్పందాల్లోనైతే పడకలు ఖాళీగా ఉన్నా నిర్ణీత శాతం పడకలకు ప్రభుత్వం డబ్బు కట్టక తప్పదు. పైగా దేశంలోని రాష్ట్ర, ఫెడరల్ ఖైదీల్లో ఈ జైళ్లలో ఉన్నవారు సుమారు 8 శాతమే.

చవక శ్రమ ఎక్కువగా సాగేది సర్కారు జైళ్లలోనే. ఖైదీలతో వస్తువులు తయారుచేయించే, 1934లో ఏర్పడిన ఫెడరల్ ప్రభుత్వ సంస్థ యూనికార్ గంటకు 23 సెంట్ల నుంచి 1.15 డాలర్ల వరకు చెల్లిస్తుండగా, టెక్సాస్ రాష్ట్రం చాలా పనులకు పైసా కూడా ఇవ్వదు. బానిసత్వాన్ని రద్దుచేసిన 1865 నాటి 13వ రాజ్యాంగ సవరణే నేరానికి శిక్షగా చేయించే నిర్బంధ శ్రమకు మినహాయింపు ఇచ్చింది కనుక, దీన్ని కేవలం కంపెనీల దురాశగా చూస్తే అసలు బాధ్యులు తప్పించుకుంటారు.

మాదకద్రవ్యాల చట్టాల పాత్ర మాత్రం చిన్నది కాదు. 5 గ్రాముల క్రాక్‌కు (కొకైన్‌తోనే తయారయ్యే గడ్డల రూపం), 500 గ్రాముల కొకైన్ పొడికి ఒకే కనీస శిక్షగా అయిదేళ్లు విధించిన 1986 నాటి చట్టం 2010 దాకా మారలేదు.

చవక చాకిరీ లాభం నేరుగా కంపెనీలకే చేరే చోటు మాత్రం వలసదారుల నిర్బంధ కేంద్రాలు. వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా కేంద్రంలో రోజుకు ఒక్క డాలరుకు పనిచేయించుకున్న జియో గ్రూప్, కనీస వేతన చట్టం ప్రకారం బకాయి చెల్లించాలని 2021లో జ్యూరీ తేల్చింది. అక్కడున్నవారు శిక్షపడిన ఖైదీలు కారు, కనుక 13వ సవరణ మినహాయింపు వారికి వర్తించదు.