పాత మోటార్‌హోమ్ కొనాలా, మానాలా?

పడక, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉండే బండి మోటార్‌హోమ్. దాచుకున్న కొద్దిపాటి డబ్బుతో పాతది ఒకటి కొంటానని అక్క అంటోంది. తమ్ముడు వద్దంటున్నాడు. నేను అక్క వైపే. అయినా తమ్ముడు అడిగిన వాటిలో కొన్నింటికి నా దగ్గర కూడా జవాబు లేదు. వాటిని అలాగే ఉంచాను.

తమ్ముడు: పాత కారు కొంటే ఒక్క బండితో పోతుంది అక్కా. ఇది పాత బండీ, పాత ఇల్లూ కలిపి నెత్తిన పెట్టుకోవడం. ఇంజన్ బాగుంటే కప్పు కారుతుంది, కప్పు బాగుంటే ఫ్రిజ్ పనిచేయదు. నీ దగ్గరున్నదే అంతంతమాత్రం.

అక్క: అందుకే ఉన్నదంతా బండికి పెట్టను. మూడో వంతు రిపేర్లకని ముందే పక్కన పెడతాను.

తమ్ముడు: అలా పెడితే మిగిలిన డబ్బుకి ఇంకా పాత బండే వస్తుంది. అది ఎంత పాతదైతే అంత ఖర్చు. ఆ మూడో వంతు ఏ మూలకి?

అక్క: చాలకపోవచ్చు. కాదనను. కానీ నువ్వు బండి తయారైన ఏడాది ఒక్కటే చూస్తున్నావు. నేను ముందు చూసేది తేమ. చాలా మోటార్‌హోమ్‌ల గోడలు ఎలా ఉంటాయో తెలుసా? బయట పల్చటి రేకో ఫైబరో, లోపల ప్లైవుడ్, మధ్యలో చెక్క చట్రం, ఫోమ్. కప్పు మీద గాలి కిటికీల చుట్టూ, మూలల్లో అతుకుల దగ్గర నీళ్లు దిగకుండా పూసిన సీలెంట్ ఎండి పగిలితే నీళ్లు ఆ మధ్యలోకి దిగుతాయి. ఏళ్ల తరబడి బయటికి ఏమీ కనిపించదు. చెక్క మాత్రం కుళ్లిపోతూ ఉంటుంది. బయటపడే నాటికి గోడ మొత్తం విప్పాలి. ఆ ఖర్చు ఒక్కోసారి బండి ధరనే మించిపోతుంది. అందుకే ప్రతి మూలా బొటనవేలితో నొక్కి చూస్తాను. తలుపు దగ్గర, స్నానాల గది దగ్గర నేల మీద గట్టిగా అడుగేస్తాను, మెత్తగా దిగితే అక్కడే ఆపేస్తాను. అల్మారాలు తెరిచి వాసన చూస్తాను. ఒక్క మూలలోనే కొత్త రంగు ఉంటే ఎందుకు వేశారని అడుగుతాను. కప్పు చూడటానికి నిచ్చెన నేనే తీసుకెళ్తాను. తేమ కొలిచే మీటరు ఉంది, అదీ పెడతాను.

తమ్ముడు: మీటరు ఆ రోజున్న తేమే చెబుతుంది. నాలుగు నెలలు వాన లేకపోతే కుళ్లిన చెక్క కూడా పొడిగానే చూపిస్తుంది.

అక్క: అందుకే వాన పడిన మర్నాడు వెళ్తాను.

తమ్ముడు: ఆ వాన పడేదాకా అమ్మేవాడు ఆగుతాడా?

అక్క: ఆగకపోతే ఇంకో బండి.

తమ్ముడు: సరే. నువ్వు చూసిపెట్టుకున్న ఆ బండి తక్కువ తిరిగిందని మురిసిపోయావు కదా, అదైనా నమ్మచ్చా?

అక్క: మురిసిపోయింది మొదటి రోజే. తరవాత అదే నాకు అనుమానం తెచ్చింది. ఏళ్ల తరబడి నిలబడిన బండికి టైర్ల పక్కలు పగుళ్లు పడతాయి, రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, బ్రేకులు తుప్పు పడతాయి, బ్యాటరీలు చచ్చిపోతాయి. వాడుతూ, సర్వీసు చేయించిన రసీదులు దాచుకున్న బండి ఎక్కువ తిరిగినా నాకు మేలు.

తమ్ముడు: నీ మాటే నీకు చెబుతున్నా విను. నువ్వు ఏడాదికి తిరిగేది మూడు వారాలు. మిగతా 49 వారాలు నీ బండి కూడా నిలబడే ఉంటుంది. దానికి బీమా, పెట్టుకోవడానికి చోటు, పైన వానా ఎండా. ఆ మూడు వారాలకీ అద్దెకు తీసుకుంటే ఇవేవీ ఉండవు కదా.

అక్క: లెక్కకి అద్దే చవక. ఒప్పుకుంటాను. కొనే ముందు ఒక వారం అలాంటిదే అద్దెకు తీసుకుని చూస్తాను కూడా. కానీ ఫలానా తేదీకి తెచ్చి అప్పగించాలనే టెన్షన్‌తో నేను తిరగలేను. నెలకోసారి రోడ్డెక్కించి ఓ అరగంట నడిపితే బండి పాడవకుండా చాలావరకు కాచుకోవచ్చు.

తమ్ముడు: నాన్న కారుకీ ఇలాగే అనుకున్నాం.

అక్క: అనుకున్నాం ఏమిటి? వారానికోసారి తీస్తానని తాళాలు పట్టుకెళ్లింది నువ్వు.

తమ్ముడు: కవర్ కప్పి ఉంచమన్నది నువ్వు! దాని కింద చెమ్మ చేరే తుప్పు పట్టింది.

అక్క: రెండేళ్లు ఆ కవరే తీయకపోతే పట్టదా మరి?

తమ్ముడు: నాకు అప్పట్లో ఉద్యోగం...

అక్క: నాకూ ఉద్యోగమే. పోనీలే, నాన్న ఉండగా అది తుప్పు పట్టలేదు, అదే చాలు. ఇంకేం అడుగుతావో అడుగు.

తమ్ముడు: అందులో పడుకుంటావు. గ్యాసు లీకైతే?

అక్క: ఇది మాత్రం చూసీచూడనట్టు వదలను. గ్యాసు లైను తెలిసిన మెకానిక్‌తో పరీక్ష చేయిస్తాను, పాత రబ్బరు గొట్టం మార్పిస్తాను. గ్యాసు సరిగ్గా మండకపోతే వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, దానికి అలారం పెట్టకుండా ఒక్క రాత్రి కూడా పడుకోను. గ్యాసుతో నడిచే ఫ్రిజ్‌లో అమ్మోనియా ఉంటుంది. ఆ ఘాటు వాసన వస్తే ఫ్రిజ్ పోయినట్టే.

తమ్ముడు: నలుగురు పడుకోవచ్చని అమ్మేవాడు ప్రకటనలో రాశాడు. నలుగురూ సామానుతో ఎక్కితే బండి మోస్తుందా?

అక్క: మంచాలు నాలుగున్నాయని నలుగురి బరువు మోస్తుందని కాదు. అనుమతించిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మనకి. 100 లీటర్ల నీళ్లే 100 కిలోలు. కాటా మీద పెట్టి తూయిస్తాను.

తమ్ముడు: అన్నీ చదివావు. నా భయం అది కాదు. మనసు పడ్డాక నీకు లోపాలు కనిపించవు. ఆ బండి టైర్ల మీద తయారీ కోడు చూశావా?

అక్క: ...ఫోటోలో ఉంది. చివరి నాలుగంకెలు 1114.

తమ్ముడు: అంటే?

అక్క: 2014లో 11వ వారం.

తమ్ముడు: చూశావు, కానీ నాకు చెప్పలేదు.

అక్క: చెప్పలేదు. గాట్లు అరగలేదు కదా అని సరిపెట్టుకున్నాను. అరగకపోయినా ఆ వయసు రబ్బరుని నమ్మి బరువైన బండిని రోడ్డెక్కించకూడదు. మొత్తం మార్చాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడుగుతాను.

తమ్ముడు: తగ్గించనంటే?

అక్క: నువ్వూ వస్తావుగా. అప్పుడు నన్ను బయటికి లాక్కురా.